మోర్గన్ ప్రొజెక్టర్, మావ పాట

మానిటర్‌ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఎడమ చెయ్యి దాని వీపు మీద ఆనించి, మోర్గన్ కుడిచేత్తో స్క్రూలు విప్పుతున్నాడు. విప్పినవన్నీ పమేలా కప్‌కేకులు చేసుకునే ట్రేలోకి పోతున్నాయి. పొడవువి ఒక గుంటలో, పొట్టివి ఒక గుంటలో, అసలు ఎందుకు పెట్టారో తెలియనివి ఇంకో గుంటలో. చివరి స్క్రూ వచ్చినా ప్లాస్టిక్ డిప్ప ఊడలేదు. అతను బలవంతపెట్టలేదు. పాత బ్యాంకు కార్డు ఒకటి సందులో దూర్చి చుట్టూ నడిపించుకుంటూ వచ్చాడు. ఒక్కో కొక్కెం టిక్కుమని వదిలింది.

"ఆ ట్రే నాకు శనివారానికి కావాలి," అంది పమేలా గుమ్మంలోంచి.

"శనివారానికి ఇస్తా."

"ఏ శనివారమో కూడా చెప్పు. నిన్ను కట్టుకుని ఇరవై ఏళ్ళయింది, నాకు తెలుసు."

డర్బన్ శివారు ఖర్వాస్తాన్‌లోని ఆ గ్యారేజీలోకి కారు ఎన్నడూ వచ్చి ఎరగదు. కారు బయట ఎండకి ఎండి వానకి తడుస్తుంది. లోపల నీడపట్టున సుఖపడేవి ఎవరో పారేసిన మైక్రోవేవ్‌లు, గొంతు పోయిన రేడియోలు, గేటు మోటార్లు. ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లీషే. తెలుగు వరసలు కలుపుకోవడానికి, వంటకి, ప్రార్థనకి, తిట్టుకోవడానికి మిగిలింది. ఈ నాలుగూ ఆ ఇంట్లో రోజూ జరిగే పనులే కాబట్టి భాష పూర్తిగా పోలేదనే చెప్పాలి.

మోర్గన్ పుట్టింది మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరకు మిల్లు బారక్స్‌లో. ముత్తాత విశాఖ వైపు నించి చెరకు కొట్టడానికి ఓడెక్కి దక్షిణాఫ్రికా వచ్చినవాడు. తాత, తండ్రి ఆ మిల్లు పొగలోనే బతికారు. మోర్గన్ మాత్రం చెరకు ముట్టకుండా డర్బన్‌లో టీవీలు బిగించే ఫ్యాక్టరీలో చేరాడు. అతనికి పని నేర్పింది చెడిపోయిన వస్తువులే. అవి ఉపన్యాసాలివ్వవు, తప్పు చేస్తే షాక్ మాత్రం ఇస్తాయి. తొంభై నాలుగులో, తెల్లవాళ్ళ ఏలుబడి పోయి అన్ని రంగులవాళ్ళకీ ఓటొచ్చినప్పుడు, అందరితో పాటు పొద్దున్నే వరసలో నిలబడి ఓటేశాడు. తర్వాత దేశం తలుపులు తెరుచుకున్నాయి, ఆ తలుపుల్లోంచి చవక టీవీలు వచ్చిపడ్డాయి, ఫ్యాక్టరీ మూతపడింది. దేశానికి స్వేచ్ఛ వచ్చింది, మోర్గన్‌కి తీరిక వచ్చింది. అదీ ఎంతోకాలం నిలవలేదు. స్వేచ్ఛ వచ్చాక జనం మొట్టమొదట చేసిన పని గోడలు ఎత్తు చేసి కరెంటు గేట్లు పెట్టించుకోవడం. గేటు మొరాయించినప్పుడల్లా మోర్గన్ ఫోను మోగేది. తను పుట్టిన బారక్స్ చుట్టుపక్కల ఇప్పుడు గోల్ఫ్ ఆడుకునే లాన్నీలు, అంటే డబ్బున్న దొరలు, మేడలు కట్టుకున్నారు. ఆ మేడల గేట్లు బాగుచేయడానికి వెళ్తే కాపలావాడు ఇతన్ని ఏ ఊరని అడుగుతాడు. అక్కడి ఒక ఆఫీసువాళ్ళు లోపలి దీపం చచ్చిందని పారేసిన మానిటరే ఇప్పుడు బల్ల మీద ఉన్నది.

"దీపం లేని మానిటర్ నీకెందుకు?" అంది పమేలా.

"వేరే దీపం పెడతా. ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో వెలిగేది."

"ఇల్లు తగలబెడతావు."

"ముందు గ్యారేజీ తగలబడుద్ది. ఇంటిదాకా రావడానికి టైం పడుద్ది, నీళ్ళు తెచ్చుకోవచ్చు."

అతని లెక్క సులువైనదే. మానిటర్ ముందుండే ప్యానెల్ అంటే బొమ్మలు మారే రంగుటద్దం. దాని వెనక బలమైన దీపం, ముందు మంచి కటకం పెడితే ఆ బొమ్మ గోడంత అవుతుంది. సినిమా హాల్లో జరిగేదీ అంతే. ఇదంతా ఎందుకని ఎవరైనా అడిగితే, "పనిచేస్తుందో లేదో చూద్దామని," అనేవాడు. అది సగం నిజం. మిగతా సగం పేరు హెరాల్డ్.

హెరాల్డ్ పమేలా తండ్రి, మోర్గన్‌కి మావ. వీధి చివరి తెలుగు బాప్తిస్టు సంఘంలో పాట ఆయనది. అక్కడి పద్ధతి ఏమిటంటే, ముందు నిలబడినవాడు పుస్తకం చూసి ఒక వరస పాడతాడు, సంఘమంతా ఆ వరసే తిరిగి పాడుతుంది. తెలుగు అక్షరం చదవగలిగినవాడు సంఘంలో ఆయనొక్కడే మిగిలాడు. మిగిలినవాళ్ళు ఆయన నోరు చూసి పాడతారు. ఇప్పుడు ఆయన కళ్ళకి పొర కమ్మింది. ఆపరేషన్‌కి వరసలో ఉన్నాడు, ఆ వరస కదలడం లేదు. మొన్నటి క్రిస్మస్‌కి రెండో చరణం మూడుసార్లు పాడాడు. సంఘం మూడుసార్లూ భక్తిగా తిరిగి పాడింది. ఆ తర్వాత ఒక చావుకి వెళ్ళి, పేజీ జారి, శవపేటిక పక్కన నిలబడి పెళ్ళిపాట ఎత్తుకున్నాడు. ఈ కొత్త జంట పిల్లాపాపలతో వర్ధిల్లాలని అందరూ కన్నీళ్ళతో కోరారు. హెరాల్డ్ కాక అర్థం తెలిసిన మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు, ఇండియా నించి చుట్టపుచూపుగా వచ్చిన పాస్టరు. ఆయన దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాడు. దగ్గు తగ్గాక కమిటీ సెక్రటరీ ట్రెవర్‌కి సంగతి చెప్పాడు.

ట్రెవర్ ఇన్సూరెన్స్ అమ్మేవాడు, మాట మెత్తన. ఓటు రుచి మరిగాక ఆ కమిటీ ప్రతిదానికీ చేతులెత్తించేది. టీ ఆరాధనకి ముందా తర్వాతా అన్నదానికే రెండుసార్లు ఎత్తించారు. ఇప్పుడు ఓట్లొచ్చి పదేళ్ళయిన సందర్భంగా ఏప్రిల్ చివర్లో కృతజ్ఞతారాధన పెట్టుకున్నారు. ఆ రోజు నించి పాటలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని తీర్మానం. పమేలా లేచి, నాయన నోట్లోంచి పాట లాక్కుంటారా అని అడిగింది. "ఆయనకి కనబడేలా గోడ మీద అక్షరాలు వేయించండి, తెలుగు పాట ఉంచుదాం," అన్నాడు ట్రెవర్. ప్రొజెక్టర్ కొనే తాహతు సంఘానికి లేదని అతనికి తెలుసు, తెలిసే అన్నాడు.

హెరాల్డ్ ముందు మాత్రం ఎవరూ కళ్ళ మాట ఎత్తకూడదు.

"నా కళ్ళకి ఏటయ్యింది? బాగానే ఉన్నాయి. పుస్తకంలో అచ్చే సిన్నదయిపోయింది," అనేవాడు. అల్లుడి గ్యారేజీ గుమ్మం తొక్కేవాడు కాదు. "టీవీలు సేసేవోడివి, ఇప్పుడు లాన్నీలకి తలుపులు తీసేవోడివి అయినావు. నువ్వు నాకు అచ్చరాలు సూపిత్తావా?"

"చూపిస్తా మావా, కుర్చీ వేసి కూర్చోబెట్టి."

"ఆదివారం గుడికి తే. అక్కడే సూత్తాను."

మోర్గన్ పనిలో పడ్డాడు. మానిటర్ లోపలి తెల్లకాగితాల్లాంటి పొరలన్నీ తీసేశాడు. ప్యానెల్ ముందువైపు మెరుపు తగ్గించే గరుకు పొర ఒకటుంటుంది, అది ఉంటే బొమ్మ మసకేస్తుంది. దాని మీద తడి కాగితం పరిచి, ఆరినప్పుడల్లా నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నాడు. జ్వరమొచ్చిన బిడ్డ నుదుటి మీద కూడా ఎప్పుడూ అలా గుడ్డ వెయ్యలేదని పమేలా అంది. జిగురు నానాక మూల పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగాడు. పొర ఒక్క ముక్కగా వచ్చింది. కటకాలు ఒక స్కూలు స్టోర్‌రూంలో దుమ్ము తింటున్న ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌లోవి. హెడ్మాస్టర్ గేటు బాగుచేసినందుకు దాన్ని తీసుకుపొమ్మన్నాడు. దీపాన్నీ దాని చోకునీ గ్రౌండ్ లైట్లు మార్చే రెజీ ఇచ్చాడు. చోకు ఇటుకంత బరువు, తుమ్మెదలా మూలుగుతుంది. దీపం వేడికి ప్యానెల్ మాడకుండా ఒకవైపు రెండు ఫ్యాన్లు. అన్నిటికీ కలిపి ప్లైవుడ్ పెట్టె ఒకటి కట్టి నల్లరంగు పూశాడు. అది చూసి పొరుగువాళ్ళు, ఎవరు పోయారని పమేలాని అడిగారు.

ఇక అక్షరాలు. అవి రత్నకుమారి దగ్గర దొరికాయి. ఆమె భర్త గిరిధరరావు ఇంజనీరు, తొంభై ఏడులో కాకినాడ నించి వచ్చి మెరీబ్యాంక్ పేటలో కాపురం పెట్టాడు. వాళ్ళ గేటు బాగుచేస్తుండగా లోపల ఆమె ఫోన్లో ఎవరినో దులిపేస్తోంది. మాటలు అర్థం కాలేదు గానీ తిట్లన్నీ మోర్గన్‌కి తెలిసినవే. పని అయ్యాక చేతులు తుడుచుకుని పాటల పుస్తకం సంగతి చెప్పాడు.

"మేం వెంకటేశ్వరస్వామి వాళ్ళమండీ మోర్గన్ గారూ," అంది ఆమె.

"పర్లేదు మేడమ్. మెషిన్ ఏమనదు."

"స్వామి కూడా ఏమనడులెండి. టైపింగే కదా." నల్లటి నేల మీద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాలతో, పేజీకొక చరణం చొప్పున బొమ్మలు చేసి, డీవీడీ ప్లేయర్లో ఆడేలా డిస్కు రాసిచ్చింది.

మొదటిసారి వెలిగించినప్పుడు మోర్గన్ ఒక్కడే ఉన్నాడు. డిస్కు మీద గీతలు పడతాయేమోనని, ముందు మేనల్లుడి పెళ్ళి వీడియో పెట్టాడు. టేపు డాన్సుల దగ్గర ఆగి ఉంది. దీపం వేడెక్కడానికి చాలాసేపు తీసుకుంది. ముందు ఊదారంగు, తర్వాత పచ్చ, చివరికి పాలలాంటి తెలుపు. గోడ మీద బంధువులంతా తలకిందులుగా, కప్పుకి కాళ్ళు తన్నిపెట్టి నాట్యమాడుతున్నారు. కటకం బొమ్మని తిరగేస్తుందని అతనికి తెలుసు. దానికి విరుగుడు ప్యానెల్‌ని తిరగేసి పెట్టడమే. చిక్కల్లా ప్యానెల్ ఎడమ అంచున ఉన్న కేబుల్‌తో. అది కాగితంలా పల్చన, బెత్తెడు పొడవు. అది తగిలించే బోర్డు పెట్టెకి ఎడమ గోడన బిగించి ఉంది. ప్యానెల్‌ని పళ్ళెం తిప్పినట్టు తిప్పితే కేబుల్ కుడికి పోతుంది, బోర్డుకి అందదు. దోసె తిరగేసినట్టు తిరగేస్తే పైది కిందికి వస్తుంది గానీ ఎడమది ఎడమనే ఉంటుంది. మోర్గన్ దోసె తిరగేశాడు. బంధువులు కాళ్ళ మీద నిలబడ్డారు. అతను తనలో తాను నవ్వుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం పమేలానీ ట్రెవర్‌నీ పిలిచి రత్నకుమారి డిస్కు పెట్టాడు. దీపం వేడెక్కేసరికి ప్లేయర్ మొదట్లో చూపించే కంపెనీ పేరూ గీరూ వచ్చి పోయి, గోడ మీద పాట నిలబడింది. ఒక్కో అక్షరం బొప్పాయికాయంత.

"ఏయ్ మోర్గన్, వాట్ కైండ్, ఇదేం మాయ," అన్నాడు ట్రెవర్, నిజంగానే నోరు తెరిచి. "ఎంత అందమైన లిపి మనది. చూడు, ఆ వంపులు." గోడ దగ్గరికి వెళ్ళి వరస కింద వేలు పెట్టి, తనకి తెలిసిన పల్లవి మెల్లగా పాడుకుంటూ చివరిదాకా నడిపించాడు. పాట, వేలు సరిగ్గా కలిశాయి. పమేలా కళ్ళు తుడుచుకుంది.

శనివారం పొద్దున ట్రెవర్ పెట్టెని గుడికి చేర్చడానికి బక్కీ, అదే సామాన్లేసుకునే చిన్న ట్రక్కు, తెచ్చాడు. అదే సమయానికి రత్నకుమారి, తన అక్షరాలు ఎలా వచ్చాయో చూస్తానని వచ్చింది. గ్యారేజీ తలుపు దించి దీపం వేశారు. గోడ తెల్లబడింది. ఆమె తల కొంచెం ఎడమకి వాల్చింది, తర్వాత కుడికి.

"ఏం అక్కా, బాగోలేదా?" అంది పమేలా.

"చాలా బాగుందమ్మా. కానీ దీన్ని అద్దంలో చూసి చదవాలి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసి, మూతలోని అద్దం మోర్గన్ చేతికిచ్చింది. "కుడిది ఎడమకొచ్చింది మోర్గన్ గారూ. మొత్తం."

మోర్గన్ అద్దంలోని అక్షరాల్నీ, గోడ మీది అక్షరాల్నీ మార్చి మార్చి చూశాడు. అతనికి రెండూ ఒకలాగే ఉన్నాయి. నమ్మకం లేక పెళ్ళి టేపు మళ్ళీ పెట్టి, వెనక్కి తిప్పి, మొదట్లో వచ్చే ఇంగ్లీషు పేర్ల దగ్గర ఆపాడు. పెళ్ళికూతురి పేరు వెనకనించి ముందుకి నడుస్తోంది. దోసె తిరగేస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. పైది కిందికి పోయింది, కానీ ఎడమది ఎడమనే ఉండిపోయింది. కటకం రెండూ మారుస్తుంది. అతను ఒక్కటే సరిచేశాడు. ట్రెవర్ తన వేలు వైపు చూసుకున్నాడు.

"నిన్న నువ్వు చదివావుగా," అంది పమేలా.

"నేను ఫీలయ్యాను," అన్నాడు ట్రెవర్. చెయ్యి జేబులో పెట్టుకుని, "పోనీ ఇలాగే ఉంచితే? చదివేది ఎలాగూ ఒక్కడే కదా," అన్నాడు.

"ఆ ఒక్కడి కోసమే ఇదంతా," అన్నాడు మోర్గన్. గొంతు పెంచలేదు.

"అయితే ముందు పల్చటి గుడ్డ కట్టి, గుడ్డ వెనక నించి వేద్దాం. అటునించి చూసేవాళ్ళకి సరిగ్గా కనబడుద్ది కదా."

మాట తప్పు కాదు. కానీ ఆ గుడిలో వేదిక వెనక ఉన్నది బాప్తిస్మం తొట్టి, నిలువెత్తు లోతు.

"మెషిన్‌ని తొట్టిలో దించుదామా?" అంది పమేలా. "పాపాలు కడిగినట్టూ ఉంటుంది, కరెంటు పెట్టినట్టూ ఉంటుంది. నువ్వు కూడా దిగు. హంబా, ట్రెవర్, వెళ్ళి ఆ బక్కీలో కూర్చో."

మోర్గన్ పమేలా డ్రెస్సింగ్ టేబుల్ అద్దం తెచ్చి, కటకం ముందు వాలుగా నిలబెట్టాడు. అద్దంలో పడి తిరిగి గోడ మీదికి వెళ్ళిన అక్షరాలు రత్నకుమారి చదవగలిగింది. కానీ ప్రతి అక్షరం వెనకా దాని నీడ ఇంకోటి నిలబడింది, తోడికోడళ్ళలా. "నేనైతే చదువుతాను, పెద్దాయనకి కష్టం," అందామె. మోర్గన్ అద్దాన్ని తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టొచ్చాడు.

ఇంతలో గ్యారేజీలోంచి తెలుగు వినబడిందని, పక్కింట్లోనే ఉండే హెరాల్డ్ తన గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తెలుగు మాట్లాడే మనిషి దొరకడమే అరుదు. రత్నకుమారిని వరండాలోకి పిలిచి, కుర్చీ వేసి, ఆపకుండా మాట్లాడాడు. ఆమె తిరిగొచ్చేసరికి మోర్గన్ పెట్టె మూత విప్పుతున్నాడు. ఆమె పమేలా లోపలికి వెళ్ళేదాకా ఆగి చెప్పింది.

"రేపు ఆ గోడ కూడా తేడాగా కనబడితే ఇంక ముందు నిలబడనన్నారండీ. చావుకి పెళ్ళిపాట పాడిన సంగతి ఆయనకి తెలుసు. మతి పోతోందేమోనని భయపడుతున్నారు. కూతురికి చెప్పొద్దన్నారు."

మోర్గన్ తలూపాడు. రేపు మావ అందరిముందూ నిలబడి, తిరగబడ్డ అక్షరాలు చూస్తే, తప్పు అల్లుడిదని అనుకోడు. అన్నిటికీ అల్లుణ్ణే అనే మనిషి, ఆ ఒక్కసారి మాత్రం అనడు. తన తలదేనని నిశ్చయించుకుని, పుస్తకం మూసి, వెళ్ళి బెంచీలో కూర్చుంటాడు.

పెట్టె ఎడమ గోడన బోర్డు, కుడి గోడన ఫ్యాన్లు. అటుది ఇటు, ఇటుది అటు మార్చాలి, దారి అదొక్కటే. ట్రెవర్‌ని బక్కీలోంచి పిలిచాడు.

"పెట్టె పట్టుకో. కదలనివ్వకు. మాట్లాడకు."

"నేను మాట్లాడితే ఏం..."

"పెట్టె కదులుద్ది."

ఫ్యాన్లు విప్పి ఎడమ గోడకి కొత్త గుండ్రాలు కోశాడు. కుడి గోడ గుండ్రాలు ముక్కలు వేసి మూశాడు, వెలుగు కారకుండా అంచులకి నల్ల టేపు. బోర్డు కుడికి మారింది. ఆ తర్వాత ప్యానెల్. కేబుల్‌ని బోర్డు నోట్లోంచి గోటితో ఎత్తి విడిపించాడు. అది చిరిగితే ఇంకో మానిటర్ లేదు. ప్యానెల్‌ని దోసె తిరగేసినట్టు మళ్ళీ మామూలుగా వేశాడు. అప్పుడు రెండు చేతుల మధ్య పళ్ళెంలా, నిదానంగా, సగం చుట్టు తిప్పాడు. కేబుల్ కుడి గోడకి వచ్చింది, కానీ బోర్డు నోటికి గోరంత దూరంలో ఆగింది. ట్రెవర్ నోరు తెరవబోయి మూసుకున్నాడు. మోర్గన్ కేబుల్‌ని లాగలేదు. బోర్డు విప్పి, కింద రెండు వాషర్లు పేర్చి, అదే దగ్గరికొచ్చేలా మళ్ళీ బిగించాడు. కేబుల్ లోపలికి జారి కూర్చుంది.

సాయంత్రం పెళ్ళికూతురి పేరు తిన్నగా వచ్చింది. రత్నకుమారి పాట పైనించి కిందిదాకా గట్టిగా చదివింది. వెంకటేశ్వరస్వామి వాళ్ళమ్మాయి చదువుతుంటే ట్రెవర్ ప్రతి చరణం చివరా ఆమెన్ అన్నాడు.

ఆదివారం కృతజ్ఞతారాధనకి జనం రాకముందే పెట్టె గుడి మధ్య నడవలో బల్ల మీదికెక్కింది. కిటికీలకి దుప్పట్లు కట్టారు. హెరాల్డ్ కోటు వేసుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, గోడకి ఎదురుగా నిలబడ్డాడు. గోడ ఊదా నించి పచ్చకి, పచ్చ నించి తెలుపుకి మారింది. అక్షరాలొచ్చాయి. ఆయన పెదవులు కదల్లేదు. మోర్గన్ నడవలో నిలబడి ఆయన మెడ వెనక చూస్తున్నాడు.

హెరాల్డ్ చంకలోంచి పుస్తకం తీసి బెంచీ మీద పెట్టాడు. మొదటి చరణం పాడాడు, ఖాళీ గుడికి. ట్రెవర్ పేజీ మార్చాడు. రెండోది పాడాడు, ఒక్కసారే. మూడోది పాడాడు. నాలుగోది పాడాడు. ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఒరే అల్లుడా."

"ఆఁ మావా."

"కొద్దిగా కిందికి దించు. మెడ పట్టేత్తాది."

మోర్గన్ పెట్టె ముందు కాళ్ళ కింద చెక్కముక్క తీసేశాడు. పాట గోడ మీద జానెడు దిగింది. "ఆఁ, అక్కడ," అన్నాడు హెరాల్డ్. "వోళ్ళని రమ్మను."

తలుపులు తెరిచేలోగా మోర్గన్ ట్రెవర్‌ని పక్కకి పిలిచాడు.

"ముందు ఫ్యాన్. తర్వాత దీపం. ఆపేటప్పుడు దీపం ముందు ఆపు, ఫ్యాన్ మాత్రం పెట్టె చల్లారేదాకా తిరగాలి. పాస్టర్ కోప్పడినా సరే."

"ఫ్యాన్, దీపం. దీపం, ఫ్యాన్," అన్నాడు ట్రెవర్.

"చేత్తో చేసి చూపించు. నోటితో వద్దు."

ట్రెవర్ చేసి చూపించాడు. మోర్గన్ రెండోసారి కూడా చేయించి, స్విచ్చుబోర్డు అతని చేతిలో పెట్టి, పెట్టె మీంచి తన చెయ్యి తీశాడు.